భోగ్యానికి అరవై వేలు తక్కువ

గురువారం పొద్దున తిప్పేష్ చేతిలో ఉన్నవి లక్షా నలభై వేల రూపాయలు, ప్లాస్టిక్ బిందెలు అమ్మే తోపుడు బండి, నాలుగు రోజుల గడువు. అనంతపురం పాతూరులో అతను బాడుగకు ఉంటున్న ఒంటి గది ఇంటిని యజమాని దాసప్ప భోగ్యానికి పెట్టాడు. సోమవారంలోపు రెండు లక్షలు చేతిలో పెడితే మూడేళ్లు బాడుగ లేకుండా ఉండొచ్చు, గడువు తీరాక ఆ రెండు లక్షలూ వెనక్కి వస్తాయి. పెట్టకపోతే ఇల్లు ఖాళీ చేయాలి. రెండు లక్షలు పట్టుకుని ఇంకో మనిషి అప్పటికే సిద్ధంగా ఉన్నాడు.

లెక్కలో తిప్పేష్‌ను ఎవరూ పడగొట్టలేరు. నెలకు నాలుగు వేల బాడుగ అంటే మూడేళ్లకు లక్షా నలభై నాలుగు వేలు. తక్కువైన అరవై వేలు ఫైనాన్స్ కంపెనీలో తీసుకుంటే, రెండేళ్లకు వడ్డీ పద్నాలుగు వేల నాలుగు వందలు. కుళాయి నీళ్లు మూడు రోజులకొకసారి వచ్చే ఊళ్లో బిందెల బేరానికి ఢోకా లేదు కాబట్టి నెలనెలా కంతులు కట్టగలడు. ఒక్కటే అడ్డం. కంపెనీ మనిషి ఇంటికొచ్చి, ఇరుగుపొరుగును విచారించి, నమ్మదగినవాడని తేల్చుకోవాలి.

ఆ మనిషి పది గంటలకు వస్తానన్నాడు. తిప్పేష్ మాటల్లో కూడా పొదుపరి. వచ్చే మనిషికి బజ్జీలు తేవడానికి బయలుదేరుతూ, వాకిట్లో బియ్యం చెరుగుతున్న పక్కింటి మారెక్కతో ఒక్క ముక్క అన్నాడు.

"అక్కా, ఫైనాన్సోళ్లు వస్తాండారు. రోంత చూసుకో."

"నువ్వు పో నాయనా, నేను చూసుకుంటా."

ఆ వీధిలో అప్పు ఇచ్చేటప్పుడు వచ్చిన ముఖం ఎవరికీ గుర్తుండదు, వసూలుకు వచ్చిన ముఖమే గుర్తుంటుంది. చూసుకోవడమంటే అక్కడ ఒకటే అర్థం: మనిషి ఊళ్లో లేడని చెప్పడం. ఆటో నడిపే యేసన్నను నిరుడు తిప్పేష్ అట్లా రెండుసార్లు చూసుకున్నాడు.

మారెక్క చేట పక్కన పెట్టి, యేసన్నకూ, బట్టలు కుట్టే కృపాకుమారికీ సంగతి చేరవేసింది. కృపాకుమారి తన ఇంటి తాళం తెచ్చి తిప్పేష్ తలుపుకు బిగించింది. లోపల అతని భార్య ఈశ్వరి, వచ్చే మనిషి ముందు మర్యాదగా కనబడాలని కొత్త చీర కట్టుకుంటున్న సంగతి ఆమెకు తెలియదు.

కంపెనీ మనిషి మారుతి అరగంట ముందే వచ్చాడు. గుంటూరు వైపువాడు, ఉద్యోగంలో చేరి పది రోజులైంది.

"తిప్పేష్ గారి ఇల్లు ఇదేనాండీ?"

"ఇదే సార్. ఆయప్ప పోయినాడు," అంది మారెక్క.

మారుతి ముఖం వాడిపోయింది. "అయ్యో! ఎప్పుడండీ?"

"నిన్ననే."

"ఎలా పోయారు?"

"ఎట్ల పోతారు? బస్సులో."

"బస్సులోనా!"

"ఊఁ. మడకశిర బస్సు."

మారుతి హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఆయనొక్కరేనా?"

"పెండ్లామూ పోయింది. ఇద్దరూ ఒగే సీట్లో."

"ఎవరూ ఆపలేకపోయారా?"

"ఆపినాం సార్," అన్నాడు యేసన్న. "పోయేవాళ్లు మన మాట ఇంటారా?"

మారుతి కళ్లు తుడుచుకుని, ట్యాబులో 'దరఖాస్తుదారు మరణించారు' అన్న గడి మీద వేలు పెట్టాడు. దరఖాస్తు మూసుకుపోయింది. అదే క్షణంలో లోపలి నుంచి తలుపు దబదబా మోగింది.

"ఎవురు తాళమేసింది? తీయండి!"

మారుతి రెండడుగులు వెనక్కి దూకాడు. "ఎ... ఎవరది?"

"టీవీ సార్," అంది కృపాకుమారి. "ఆపకుండా పోయినారు."

"ఏమే కృపా, నీ గొంతు నాకు తెలీదా? తీస్తావా లేదా?" అంది టీవీ.

సరిగ్గా అప్పుడే తిప్పేష్ బజ్జీల పొట్లంతో సందు మలుపు తిరిగాడు. యేసన్న ఎదురు పరిగెత్తి వాటేసుకున్నాడు.

"ఏమప్పా బయ్యన్నా! కుందుర్పి నుంచి ఎప్పుడొస్తివి?"

"బయ్యన్న ఎవురు? సార్, నేనే తిప్పేష్‌ను!"

"ఆయప్ప తమ్ముడు సార్," అంది మారెక్క చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని. "అన్న పోయినప్పట్నుంచి అన్న పేరే చెప్పుకుంటాండాడు."

మారుతి తిప్పేష్ భుజం తట్టాడు. "ధైర్యంగా ఉండండి."

తిప్పేష్ జేబులోంచి ఆధార్ కార్డు తీసి చూపించాడు. మారుతి కార్డునూ మనిషినీ మార్చి మార్చి చూశాడు. "మీరు చనిపోలేదా?"

"నేనేల సస్తా? అక్కా, సారు కంతుకు రాలా, అప్పు ఇచ్చేకి వచ్చినాడు!"

"చూసుకోమంటివి కదప్పా!"

"చూసుకోమంటే నా గురించి మంచిగా చెప్పమని!"

"ఆ మాట పొద్దున్నే అనుంటే నీ సొమ్మేం పోతుండె?"

"ఇప్పుడు అరవై వేలు పోయె," అని తిప్పేష్ గడప మీద కూలబడ్డాడు. మూసిన దరఖాస్తు మళ్లీ తెరవాలంటే మూడు వారాలు పడుతుందని మారుతి నీళ్లు నమిలాడు. దాసప్ప మూడు పూటలు కూడా ఆగడు.

మారుతి బ్రాంచి మేనేజరు ఇంద్రాణికి ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అవతల నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"పదేండ్లుగా వసూళ్లు చూస్తాండా మారుతీ. ఎగ్గొట్టేవాని ఇల్లు అడక్కముందే చూపిస్తారు. ఒగని కోసం ముగ్గురు ఇంత కష్టపడి అబద్ధాలాడినారంటే వాడు నమ్మదగ్గోడే. కొత్త దరఖాస్తు వాని పెండ్లాం పేరు మీద రాయి. ఆ ముగ్గురితో హామీ సంతకాలు తీసుకో."

గుంపు పల్చబడింది. యేసన్నకు ఆటో గుర్తొచ్చింది. మారెక్క చేట కోసం వంగి, "నోటితో చెప్పేది వేరు, సంతకం వేరు సార్," అంది.

"సరేలే అక్కా," అంది తలుపు వెనక నుంచి ఈశ్వరి. "సోమవారం ఖాళీ చేస్తాం. మా ఇంట్లోకి వచ్చేవాళ్లు నా మాదిరి నీకు కుళాయి నీళ్లు పట్టిస్తారులే."

మారెక్క మొదటి సంతకం పెట్టింది. కృపాకుమారి తాళం తీసి, ఈశ్వరి చూపు తప్పించుకుంటూ రెండోది పెట్టింది. యేసన్న బజ్జీ తింటూ పెట్టిన మూడో సంతకం పక్కన నూనె మరక మిగిలింది.

శనివారం డబ్బు చేతికొచ్చింది. ఆదివారం దాసప్ప రెండు లక్షలూ రెండుసార్లు లెక్కపెట్టుకుని భోగ్యం కాగితం రాసిచ్చాడు. ఆ మరుసటి వారం తిప్పేష్ చేతిసంచి పట్టుకుని గడప దాటగానే మూడు ఇళ్ల ముందు ముగ్గురు లేచి నిలబడ్డారు.

"యాడికప్పా పోతాండావు?" అంది మారెక్క. "ఈ నెల కంతు కట్టినావా?"

వడ్డీ పోను మూడేళ్లలో తిప్పేష్‌కు మిగిలేది లక్షా ఇరవై తొమ్మిది వేల ఆరు వందలు. రెండేళ్లపాటు ఊరు దాటాలంటే మాత్రం ముగ్గురి అనుమతి కావాలి.