పానకాలరావు కారుకి కొత్త ముక్కు

విత్తనాలమ్మే ప్రతి మనిషి కారుకీ ఇంపోర్టెడ్ ఎయిర్ ఫిల్టర్ తప్పనిసరి చెయ్యాలి! బిగించుకోనివాడికి లైసెన్సు రెన్యువల్ చెయ్యకూడదు!

నవ్వుతున్నారా? కుర్రాళ్లు కార్లకి ఏవేవో తగిలించి మోత మోగించుకుంటూ తిరుగుతుంటే తిట్టుకునే జనంలో మీరూ ఒకరు కాబోలు. ప్రశాంతంగా ఉండాలంటారు మీరు. సరే. పర్చూరు పానకాలరావు గారి సంగతి వినండి. విన్నాక కూడా ప్రశాంతతే కావాలనిపిస్తే మీ ఇష్టం.

పానకాలరావుకి పర్చూరు సెంటర్లో ఎరువులు, పురుగుమందులు, విత్తనాల షాపు ఉండేది. మనిషి కలుపుగోలు. రైతులందరినీ పేరు పెట్టి పిలిచి, కూర్చోబెట్టి, కూల్ డ్రింకు ఇప్పించేవాడు. అయితే అదంతా విత్తనాలు కొనే రోజుల్లో. కాయ కాసే రోజుల్లో ఆయన దర్శనం కాస్త కష్టం.

రెండువేల అయిదులో ఆ కష్టం మరీ ముదిరింది. ఆ ఏడు ఆయన ఒక కొత్త కంపెనీ మిరప విత్తనం అమ్మాడు. ప్యాకెట్టు మీద ఎర్రటి కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. మొక్కలు కూడా నడుము ఎత్తున, ఏపుగా పెరిగాయి. కాయలు మాత్రం ప్యాకెట్టు మీదే ఉండిపోయాయి!

రైతులు షాపుకొచ్చారు. వాళ్లు వచ్చినప్పుడల్లా పానకాలరావు తాను గుంటూరు వెళ్లినట్టు గుమాస్తా చేత చెప్పించి, గోడౌను తలుపులోంచి వెనక సందులోకి దిగి, తెల్లకారెక్కి జారుకునేవాడు. డాక్టరుదీ తెల్లకారే. పొగాకు కొనే ఆయనదీ తెల్లకారే. ఏది ఎవరిదో రైతుకేం తెలుస్తుంది?

ఒక్క కోటిరత్నానికి మాత్రం దొరికాడు, ఒకే ఒక్కసారి. ఆమె రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేసింది. బుద్ధెరిగినప్పట్నుంచీ మిరపతోటలోనే పెరిగిన మనిషి. "ఒక్కసారి తోటలోకొచ్చి చూడండి పానకాలరావు గారూ," అని మాత్రమే అడిగింది. షాపు నిండా జనం. ఏదో ఒకటి అనాలి కదా!

"విత్తనంలో ఏముందమ్మా? నీళ్లు ఎక్కువ పెట్టుంటావు. యూరియా గుప్పి ఉంటావు. సేద్యం చేతకాకపోతే విత్తనమేం చేస్తుంది?" అన్నాడు.

జనం నవ్వారు. కోటిరత్నం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ మాట మాత్రం వెళ్లిపోలేదు. ఊళ్లు తిరిగి తిరిగి చేను గలాయన చెవిలో పడింది. సేద్యం రాని మనిషికి చేను ఇవ్వడమెందుకు, వచ్చే ఏడు ఇంకొకళ్లకిస్తానన్నాడాయన.

ఇదిలా ఉండగా పానకాలరావు బావమరిది చైతన్యకృష్ణ వచ్చాడు. గుంటూరులో కంప్యూటర్ కోర్సు చదువుతూ, నెట్ సెంటర్లో కూర్చుని కార్ల గురించి చదివే మేధావి. బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"బావా, నీ కారు ఊపిరాడక చస్తోంది."

"అదేంట్రా, బాగానే తిరుగుతోందిగా?"

"నీది టర్బో ఇంజను. టర్బో అంటేనే గాలి బావా! ఎంత గాలి పీలిస్తే అంత పికప్. కంపెనీవాడు ఈ నల్లడబ్బా పెట్టి దాని గొంతు నొక్కాడు. ఇది పీకేసి ఓపెన్ ఫిల్టర్ పెట్టించు. ఎగిరిపోద్ది!"

పానకాలరావు మనసు కరిగిపోయింది. పాపం, నోరులేని కారు! ఎన్నాళ్లుగా బాధపడుతోందో! కూతవేటు దూరంలో ఉన్న మిరపతోటకి రావడానికి తీరికలేని మనిషి, కారు ఊపిరి కోసం ఆ పూటే గుంటూరు పరిగెత్తాడు.

అక్కడ యాక్సెసరీస్ షాపులో బుడాన్ అనే మెకానిక్కు నల్లడబ్బా తీసేసి, శంఖంలాంటి ఎర్రటి ఫిల్టరు బిగించాడు.

"దేంతో చేశారయ్యా దీన్ని?" పానకాలరావు మురిపెంగా తడిమాడు.

"కాటన్‌తోనండీ. అమెరికా సరుకు."

పత్తి పండే ప్రకాశం జిల్లా మనిషి గుంటూరు దాకా వచ్చి అమెరికా పత్తి కొనుక్కున్నాడు! అభివృద్ధి అంటే ఇదే కదా?

ఇక చూడండి! యాక్సిలేటర్ తొక్కితే 'ఉయ్యీ' అని ఈల. కాలు తీస్తే 'ఫుస్స్' అని నిట్టూర్పు. చిలకలూరిపేట మీదుగా వస్తూ పానకాలరావు దారంతా తొక్కుతూ, తీస్తూ, తనలో తాను నవ్వుకుంటూ వచ్చాడు. గేదెలు పలుపులు తెంపుకున్నాయి. కల్లాల్లో కాయలు ఏరేవాళ్లు తలలెత్తారు. చర్చిలో పాట ప్రాక్టీసు చేస్తున్నవాళ్లకి శ్రుతి తప్పింది. కుక్కర్ విజిలనుకుని ఒకావిడ పొయ్యి ఆపేసింది, ఆ రోజు వాళ్లింట్లో పప్పు ఉడకలేదు!

మర్నాడు రైతులు షాపుకొచ్చారు. పానకాలరావు అలవాటుగా వెనక సందులోకి దిగి కారు తీశాడు. ఉయ్యీ!

"అదుగో, పోతున్నాడు!" అని అరిచాడు సాల్మన్. కోటిరత్నం పక్క తోట కౌలుదారు. టీవీఎస్ మోపెడ్ మీద వెంటపడ్డాడు. కారు అందలేదు కానీ కిటుకు అందింది. అప్పట్నుంచీ ఎస్టీడీ బూత్‌లలో ఒకటే ఫోన్లు. "ఇంకొల్లు దాటాడు." "ఇప్పుడే మార్టూరులో ఫుస్సుమన్నాడు." వ్యవసాయశాఖకి ఎన్ని అర్జీలు పెట్టినా తేలని మనిషి ఆచూకీ, ఒక్క ఫిల్టరుతో తేలిపోయింది. ఇంతకంటే ప్రజాసేవ ఉంటుందా?

పానకాలరావుకీ విషయం అర్థమైంది. ఫిల్టరు తీసేయిద్దామా అనుకున్నాడు. ఆ ఈల వింటుంటే మాత్రం ఛాతీ ఉప్పొంగుతోంది, ఎలా తీస్తాడు? మెయిన్ రోడ్డు మానేసి చేలల్లోంచి పోయే డొంకరోడ్డు పట్టాడు. మధ్యాహ్నం ఎండలో అక్కడెవరుంటారు?

ముందు ఒక ట్రాక్టరు ఉంది. ట్రక్కు నిండా విడి పత్తి. గాలికి దూది మంచులా ఎగురుతోంది. దాటడానికి దారి లేదు. పానకాలరావు దాని వెనకే ఈల వేయించుకుంటూ వెళ్లాడు. కొంతదూరం పోయాక ఈల బొంగురుపోయింది. నల్లటి పొగ వచ్చింది. కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

బానెట్ ఎత్తాడు. ఎర్రటి ఫిల్టరుకి తెల్లటి గడ్డం మొలిచింది! అమెరికా పత్తి మీద మన పత్తి దట్టంగా పేరుకుపోయి, చీమ దూరే సందు లేదు.

తలెత్తేసరికి ఎదురుగా కోటిరత్నం. రోడ్డు పక్కనే ఆమె తోట. ఈల రావడం, బొంగురుపోవడం, ఆగిపోవడం అన్నీ విని గట్టెక్కింది. మరో పక్కనుంచి సాల్మన్ మోపెడ్ స్టాండు వేస్తున్నాడు.

పానకాలరావు బానెట్ చాటుకి జరిగాడు. కొడతారనుకున్నాడు.

"ఎండలో నిలబడ్డారేంటండీ," అంది కోటిరత్నం. "తోటలోకి రండి. ఎటూ కారు కదలదుగా."

తప్పలేదు. బూట్లు విప్పి దిగాడు. నడుము ఎత్తు మొక్కలు రెండు పక్కలా రాసుకుంటున్నాయి. ఒక కొమ్మ ఎత్తి చూశాడు. ఆకులే. ఇంకోటి ఎత్తాడు. ఆకులే. సాలు చివరిదాకా అలా ఎత్తుకుంటూనే పోయాడు, ఒక్క కాయైనా కనిపిస్తే బాగుండునని, ఆ తోట తనదే అయినట్టు. చివర నాలుగు సాళ్లు మాత్రం ఎర్రగా విరగకాసి ఉన్నాయి.

"ఇవి?"

"పోయినేటి కాయల్లో తీసి దాచుకున్న గింజలండీ. మీ ప్యాకెట్లు చాలక పెట్టా. అవే నీళ్లు, అదే యూరియా, ఇవే చేతులు."

పానకాలరావు ఒక ఎర్రటి కాయ తుంచి అరచేతిలో పెట్టుకుని చూశాడు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావమ్మా?"

"నలుగురిలో నాకు సేద్యం రాదన్నారు. ఆ మాటకి చేను పోతోంది. ఆ నోటితోనే మా చేను గలాయనకి నిజం చెప్పండి."

పానకాలరావు సెల్‌ఫోన్ తీసి ఆయనకి కలిపాడు. "ఆ... విత్తనమేనండీ... విత్తనమే బాగాలేదు..." అని గొణిగాడు.

"కాస్త గట్టిగా సార్," అన్నాడు సాల్మన్. "మీ కారులాగా!"

పక్క చేలల్లో పత్తి తీస్తున్నవాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా చెప్పాడు పానకాలరావు. "విత్తనానిదేనండీ తప్పు! ఆవిడది కాదు! నేనే తెలియక నోరు జారాను!"

చేను కోటిరత్నానికే ఉంటుందన్నాడు అవతలాయన. ఆమె మొక్కల మధ్య అలాగే కూలబడి, చెంగుతో మొహం తుడుచుకుంది.

పానకాలరావు ఆమె పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. "కంపెనీవాళ్లు గొప్ప విత్తనమన్నారమ్మా. నమ్మాను. ఒక్క తోటైనా చూడకుండా అమ్మాను," అన్నాడు. ఈసారి ఎవరూ గట్టిగా చెప్పమనలేదు.

"అయితే పదండి, ఆ కంపెనీవాళ్లనే అడుగుదాం," అన్నాడు సాల్మన్. ఫిల్టరు మీది దూదంతా వేళ్లతో పీకాడు. కాయలేని మొక్కలు నాలుగు పీకి డిక్కీలో వేసుకున్నారు. ముగ్గురూ గుంటూరు బయల్దేరారు. ఈసారి పానకాలరావు దాక్కోవడానికి కాదు, ఊళ్లన్నీ వినేలా తొక్కాడు.

కంపెనీ ఆఫీసు బ్రాడీపేటలో ఒక మేడమీద. పైకెళ్లి చూస్తే తలుపుకి తాళం. బోర్డు ఉన్నచోట మేకులు మాత్రం ఉన్నాయి.

కింద జిరాక్స్ షాపావిడని అడిగారు.

"ఖాళీ చేసేశారండీ," అందామె.

"ఎప్పుడు?"

"ఏమోనండీ! పెద్ద పెద్ద కార్లు వాళ్లవి. ఇంజను నడుస్తోందో లేదో కూడా తెలిసేది కాదు. ఎప్పుడొచ్చారో, ఎప్పుడెళ్లారో నిజంగా మాకు తెలియదు."

పానకాలరావు ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాడు. కోటిరత్నం వాడిపోయిన మొక్కల్ని గోడకి ఆనించి పెట్టింది.

చూశారా పాఠకమహాశయులారా! ఈల వేసుకుంటూ పోయేవాడు ఏదో ఒక డొంకరోడ్డులో దొరుకుతాడు. ఆ చప్పుడు లేని కార్లకి ఏం బిగించాలో, ఎవరు బిగించాలో, మీలో తెలిసినవాళ్లెవరైనా ఉంటే పర్చూరు రైతులకి ఒక్క ముక్క చెప్పండి.