బంతికి రెడ్ కార్డు

నల్లవాగు గని జట్టుకూ జనరల్ ఆఫీసు జట్టుకూ జరిగిన ఫుట్‌బాల్ ఫైనల్లో, ఆట మొదలైన కాసేపటికే రిఫరీ బంతికి రెడ్ కార్డు చూపించి మైదానం బయటికి పంపేశాడు. బయటికి పోయినవాడి బదులు ఇంకొకర్ని దింపకూడదని రూలు ఉంది కాబట్టి వేరే బంతి తేవడానికి వీల్లేకపోయింది. మిగతా ఆటంతా బంతి లేకుండానే, నియమాల ప్రకారం, పద్ధతిగా జరిగింది. అందులో గని జట్టు ఓడిపోయింది. ఓడిపోయినవాళ్ళను భుజాలకెత్తుకుని ఊరేగించడం మాత్రం ఆ కాలనీలో అదే మొదటిసారి.

ఇందులో రిఫరీని తప్పుపడితే కళ్ళు పోతాయి. తప్పంతా గనివాళ్ళదే. వాళ్ళకు తమ బంతి అంటే పంచప్రాణాలు. దాని పేరు ముత్తెం. దసరాకు తట్టలకూ పారలకూ బొట్టు పెట్టినప్పుడు ముత్తేనికీ పెడతారు. కాలనీలో పెళ్ళయితే ముత్తేనికి వేరే శుభలేఖ ఇస్తారు. యాటను కోస్తే ముత్తెం ముందు విస్తరి వేస్తారు. ఆ విస్తట్లో ముక్కలు తర్వాత ఎవరు తింటారన్నది వేరే సంగతి. ఆటకు బయల్దేరేటప్పుడు ఆటోలో ముందు సీటు దానిదే, డ్రైవరు కూడా కాస్త ఒదిగి కూచుంటాడు.

ఆ రోజు గోల్‌కీపర్ భూమేశ్ ఉత్సాహం పట్టలేక తన్నిన తన్నుకు ముత్తెం వెళ్ళి రిఫరీ పురుషోత్తం ముక్కుకు కొట్టుకుంది. పురుషోత్తం రూల్సు తు.చ. తప్పని మనిషి, సొంత పెళ్ళిలోనే తలంబ్రాలు ఎక్కువ పోశారని అభ్యంతరం చెప్పినవాడు. ఆయన ముక్కు తుడుచుకుని, బంతిని చేతుల్లోకి తీసుకుని, దాని మీది బొట్టును చాలాసేపు చూశాడు.

“ఇదెవరు?” అన్నాడు.

ఇక్కడ కెప్టెన్ ఓదెలు ‘బంతి సార్’ అని ఊరుకుని ఉంటే కథే లేదు. కాని ముత్తెం మాటెత్తితే చాలు పొంగిపోయే మనిషాయె.

“మావోడే సార్. పేరు ముత్తెం. బంతి అనుకునేరు, మా ఇంట్ల మనిషి లెక్క,” అన్నాడు ఛాతీ విరుచుకుని.

రిఫరీని కొట్టిన ఆటగాణ్ణి బయటికి పంపాలని పుస్తకంలో ఉంది. పురుషోత్తం జేబులోంచి రెడ్ కార్డు తీసి ముత్తేనికి చూపించాడు. ఓదెలు లబోదిబోమన్నాడు.

“గిదేం న్యాయం సార్? ఒకడు తక్కువైతే మేమెట్ల ఆడాలె?”

“మీవాడని మీరే ఒప్పుకున్నారు. ఆయన పోయినా మీరింకా పదకొండుగురు ఉన్నారు. నిజానికి ఇంతసేపూ పన్నెండుగురితో ఆడారు, దాన్ని నేను క్షమిస్తున్నాను,” అన్నాడు రిఫరీ.

చేసేది లేక ముత్తేన్ని గీత అవతల కుర్చీలో కూచోబెట్టి, మెడ ఎక్కడుందో అంచనా వేసి, తువ్వాలు చుట్టారు. బయటికి పోయినవాడు ఆట వైపు చూసి సైగలు చెయ్యకూడదట. అందుకని బొట్టు ఉన్న వైపును రోడ్డుకు తిప్పారు.

ఓదెలు దిగులుకు వేరే కారణం ఉంది. బొగ్గు తవ్వే ఓదెలు ఆ సాయంత్రమే రిటైరవుతున్నాడు. నల్లవాగులో రిటైరయ్యే ఆటగాణ్ణి వేదిక మీద కూచోబెట్టి, పుట్టి బుద్ధెరిగాక ఎన్ని గోల్స్ కొట్టాడో క్లబ్బు సెక్రటరీ గట్టయ్య మైకులో చదవడం ఆచారం. సర్వీసులో ఎంత బొగ్గు తవ్వాడని ఎవరూ అడగరు. ఓదెలు బ్యాక్ ఆటగాడు. వచ్చిన గోల్ ఆపడమే గాని కొట్టి ఎరగడు. గట్టయ్య నోరా, మామూలుది కాదు. చిన్న మాటను కూడా జీడిపాకంలా సాగదీస్తాడు. ‘సున్నా’ అనే మాటను అతను ఎంత దూరం సాగదీస్తాడో తలుచుకుని తలుచుకుని ఓదెలుకు వారం నుంచీ అన్నం సయించడం లేదు. ఆ పైన, ఏనాడూ ఆట మొహం చూడని పెళ్ళాం సమ్మక్క ఈసారి వస్తానని కూచుంది.

“ఇన్నేండ్లు నీ బురద బనీన్లు ఉతికి నా చేతులరిగినయి. ఒక్కపారన్న నువ్వు గోల్ కొడ్తె చూస్త,” అంది. అని, అందరికంటే ముందే వచ్చి కూచుంది.

బంతి లేనప్పుడు గోల్ అయిందో లేదో ఎట్లా తేల్చాలన్న ప్రశ్న వచ్చింది. పురుషోత్తం దానికి చిక్కు లేకుండా దారి చూపాడు. గోల్ అయిన సంగతి అందరికంటే బాగా తెలిసేది గోల్‌కీపర్‌కే. కనుక గోల్‌కీపర్ వెనక్కి తిరిగి వలలోకి చూస్తే గోల్, చూడకపోతే కాదు. రెండు జట్లూ ఒప్పుకుని సంతకాలు చేశాయి.

బంతి లేకుండా ఆడటం జనరల్ ఆఫీసువాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. చేతిలో ఏమీ లేకుండా పొద్దస్తమానం తీరిక లేనట్టు తిరగడమే కదా వాళ్ళ ఉద్యోగం. ప్లానింగు సెక్షనతను లేని బంతిని తన పరిధిలోది కాదంటూ ఎస్టిమేట్సుకు తన్నాడు. ఎస్టిమేట్సతను కాలికి తగలకముందే ఆడిటుకు నెట్టాడు. ఒక్కరి దగ్గర కూడా ఆగకుండా ఎంత చకచకా పోయిందంటే, చూసేవాళ్ళు ఔరా అన్నారు. చివరికి వాళ్ళ కెప్టెన్, హెడ్ క్లర్కు చక్రపాణి, గోల్ ముందు నిలబడి చాలా మర్యాదగా గాలిని తన్నాడు. భూమేశ్ వెనక్కి తిరిగి చూశాడు.

“ఏం జూసినవ్‌రా?” అని అరిచాడు ఓదెలు.

“ఏమన్న అచ్చిందేమోనని జూసిన అన్నా.”

భూమేశ్ మంచి పిల్లవాడు, ఉన్నదున్నట్టు చూసే రకం. ఆ మంచితనంతోనే ఇంకో రెండుసార్లు వెనక్కి తిరిగాడు. మూడు గోల్స్ అయిపోయాయి.

అటు ఆఫీసు గోల్‌కీపర్ పాండురంగారావు ఇన్‌వార్డు సెక్షన్లో గుమాస్తా. వచ్చిన కాగితాలు తీసుకోవడం ఆయన పని. సర్వీసు మొత్తం మీద ఏ కాగితమూ తనకు అందినట్టు ఆయన ఒప్పుకోలేదు. దరఖాస్తు కళ్ళ ముందు బల్ల మీదే ఉన్నా, దాని మీదే మోచెయ్యి ఆనించి, “మాకు అందలేదండి,” అంటాడు. అట్లాంటివాణ్ణి వెనక్కి తిప్పి చూపించడం బ్రహ్మ తరం కాదు. గనివాళ్ళు ఎటునుంచి తన్నినా ఆయన చేతులు కట్టుకుని, ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

సగం ఆటకు విరామం ఇచ్చారు. చినుకులు మొదలయ్యాయి. ఓదెలు గీత పక్కన కూలబడి తల పట్టుకున్నాడు. సమ్మక్క సర్వపిండి డబ్బా తెచ్చి ముందు పెట్టింది.

“ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టున్నది గీ ఆట,” అన్నాడు ఓదెలు. “కంటికి కానరానిదాన్ని ఏడికని తన్నాలె?”

“బొగ్గుబాయిల దీపం ఆరిపోయిన్నాడు ఏం జేస్తవ్? పని ఇడిసిపెట్టి ఇంటికస్తవా?”

“ఎట్లస్త? ఒకర్నొకరం పిలుసుకుంట జేస్తం.”

“మరి పిలుసుకోరాదు! నోరు పడిపోయిందా అందరికి?” అని సర్వపిండి విరిచి అతని నోట్లో పెట్టింది.

ఆ తర్వాత జరిగిన ఆట చూసినవాళ్ళదే అదృష్టం. గనివాళ్ళు పిలుచుకోవడం మొదలుపెట్టారు. “నీకే అన్నా!”, “పట్టు తమ్మీ!”, “ఎనుకకు ఇయ్యి!” అని ఒకడు కేకేస్తే ఇంకొకడి కాలు దానంతటదే లేచేది. పదకొండుగురి కళ్ళూ ఒకే చోటికి తిరిగేవి. చూస్తుండగానే గీత చుట్టూ ఉన్న జనం కళ్ళు కూడా అటే తిరగసాగాయి. ముందు వరసలో ముసలాయన తల వంచుకుని తప్పుకున్నాడు. వెనక కూచున్నాయన, “అబ్బా!” అని భుజం రుద్దుకున్నాడు. ఒకసారైతే మిర్చిబజ్జీల బండి వైపు గట్టిగా పోయింది. బండాయన తిట్టుకుంటూ చిల్లుల గరిటెతో మూకుట్లోంచి తీసి, నూనె వడకట్టి, లోపలికి విసిరాడు. ఆటగాడు కానివాడు ముట్టుకున్నందుకు పురుషోత్తం ఆయన్ని హెచ్చరించాడు.

వాన జోరందుకుంది. ఎవరూ కదల్లేదు. డప్పులవాళ్ళు కాచుకోవడానికి మంట లేక డప్పుల చర్మం మెత్తబడినా కొడుతూనే ఉన్నారు. ఆఫీసువాళ్ళు మొదటిసారి నిజంగా పరిగెత్తారు. పరిగెత్తి, వాళ్ళకే నవ్వొచ్చి, నవ్వుతూ ఇంకా పరిగెత్తారు. చక్రపాణి బురదలో బోర్లాపడి లేచి, “చాలా బాగుందండీ,” అని గనివాడి చెయ్యి పట్టుకుని ఊపాడు.

అప్పుడు ఓదెలు తన చోటు వదిలేశాడు. బ్యాక్ ఆటగాడు ముందుకు పోవడమంటే కాపలావాడు ఇల్లొదిలి జాతరకు పోయినట్టే. అయినా పోయాడు. “ఓదెలన్నా, నీకే!” అని వెనకనుంచి భూమేశ్ గొంతు చించుకున్నాడు. ఓదెలు దాన్ని ఛాతీతో ఆపి, కాలి మీదికి జార్చుకుని, సర్వీసంతా కూడబెట్టిన బలంతో తన్నాడు. చప్పుడు వినిపించింది. కావాలంటే కాలనీలో ఎవర్నైనా అడగండి, వినిపించింది.

పాండురంగారావు చేతులు కట్టుకునే ఉన్నాడు. నోరు కూడా తెరిచాడు, అందలేదని చెప్పడానికే. కాని మెడ ఆయన మాట వినలేదు. నెమ్మదిగా వెనక్కి తిరిగింది. తిరిగి చూడటమే కాదు, ఆయన వల దాకా నడిచి, వంగి, రెండు చేతుల్తో ఎత్తి, గుండెకు ఆనించుకుని తెచ్చాడు.

“అందింది,” అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక అట్లాగే నిలబడ్డాడు.

మైదానం దద్దరిల్లింది. సమ్మక్క కొంగు నడుముకు చెక్కి, డప్పు ముందుకొచ్చి ఆడింది. “కొట్టిండు! నా మొగడు కొట్టిండు!” అని కనపడ్డ ప్రతివాణ్ణీ పట్టుకుని చెప్పింది, ఆఫీసువాళ్ళను కూడా. ఓదెలు బురదలో మోకాళ్ళ మీద కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంత సంతోషం అతను పెళ్ళినాడు కూడా ఎరగడు.

ఇంకో గోల్ పడలేదు. మూడుకు ఒకటితో గని జట్టు ఓడిపోయింది. జనం ఓడినవాళ్ళను భుజాలకెత్తుకున్నారు. గెలిచినవాళ్ళు కప్పు పట్టుకుని వెనకాల చప్పట్లు కొడుతూ నడిచారు. కుర్చీలో ఉన్న ముత్తేన్ని తీసుకురావడం ఎవరికీ గుర్తు రాలేదు.

వాన తెరిపిచ్చాక మైదానంలోనే సన్మానం జరిగింది. గట్టయ్య మైకు పుచ్చుకుని, “బ్యాక్ ఆటగాడు ఓదెలు, జీవితంల కొట్టిన గోల్స్,” అని ఆగి, ఊపిరి పీల్చుకుని, “ఒక్క... టీ!” అని సాగదీశాడు. ఆ ‘ఒకటి’ వాగు దాకా వినిపించి ఉంటుంది. ఓదెలు కుర్చీలో నిటారుగా కూచున్నాడు.

తర్వాత గని మేనేజరుగారు లేచారు. ఆయన ఆట మొత్తం గొడుగు కింద నిలబడి, రెప్ప వెయ్యకుండా చూశారు.

“ఈ రోజు మీరందరూ నా కళ్ళు తెరిపించారు. వస్తువు ఉందా లేదా అన్నది ముఖ్యం కాదు. మనసు ముఖ్యం,” అన్నారు. ఆ మాటకు చప్పట్లు మోగాయి.

ఆయన రెండు చేతులూ చాపి, గాలిలోంచి శాలువాను మడత విప్పి, ఓదెలు భుజాల మీద కప్పారు. కుచ్చులు సరిచేశారు. ఓదెలు మెడ వంచి కప్పించుకున్నాడు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

రిటైరైనవాళ్ళు ఒకటో తారీఖుకల్లా గని క్వార్టరు ఖాళీ చెయ్యాలి. వాళ్ళకు వాగు అవతల ఇళ్ళు కట్టిస్తామన్న మాట చాలా కాలంగా ఉంది. మేనేజరుగారు కోటు జేబులో చెయ్యి పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి పైకి తీశారు.

“ఇదుగో ఓదెలూ, నీ ఇంటి తాళంచెవి. రెండు గదులు, వంటిల్లు. గాలి బాగా వస్తుంది.”

ఓదెలు వాగు అవతలికి చూశాడు. తుమ్మచెట్లు, మేకలు. గాలి మాత్రం బాగానే వస్తోంది. అతను ఏదో అడగబోయి ముందు వరసలోకి చూశాడు. తనను మోసిన కుర్రాళ్ళ భుజాలకు బురద ఇంకా ఆరలేదు. భూమేశ్ ఈలలు వేస్తున్నాడు. పాండురంగారావు రెండు చేతులూ గుండెకు ఆనించుకునే కూచున్నాడు, ఇంకా దించలేదు. ఆ తాళంచెవి లేదంటే, పాండురంగారావు చేతుల్లో ఉన్నదేమిటని అడుగుతారు. గట్టయ్య మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

“దండాలు సార్,” అన్నాడు ఓదెలు, చెయ్యి చాపి.

ఈలోపే సమ్మక్క వేదిక ఎక్కి తన అరచెయ్యి ముందుకు పెట్టింది. మేనేజరుగారు అందులో వేశారు. ఆమె పిడికిలి మూసి, కొంగు చివర ముడి వేసి, గట్టిగా రెండుసార్లు లాగి చూసుకుంది.

“ఈయన దగ్గరుంటే ఏడనన్న పడగొడ్తడు సార్. ఇంకోటుంటె గది గుడ ఇయ్యిన్రి,” అంది.

మేనేజరుగారు నవ్వి, ఇంకోటి ఇచ్చారు.

ఇంటికి పోతుంటే వాన మళ్ళీ పట్టుకుంది. ఇద్దరూ నిలువునా తడుస్తూ, ఆ గోల్ గురించే చెప్పుకుంటూ నడిచారు. సమ్మక్కకు వణుకు పుట్టింది. ఓదెలు భుజం మీంచి జారుతున్న శాలువాను పైకి లాక్కుని, సగం తీసి ఆమెకు కప్పాడు.

“మంచిగున్నదా?” అన్నాడు.

“ఎచ్చగున్నది,” అంది సమ్మక్క, పళ్ళు టకటకా కొట్టుకుంటుండగా.