శిబిరంలో ఆకలి మాయం

జలమండలి ఉద్యోగుల రిలే నిరాహార దీక్ష నలభై మూడో రోజు ఉదయం పదింటికి, శిబిరంలో ఆకలి మాయమైనట్టు బయటపడింది.

విషయం చిన్నది కాదు. రిలే దీక్షలో మనుషులు రోజూ మారతారు, ఆకలి మాత్రం ఒక్కటే. సాయంత్రం అయిదింటికి దిగిపోయేవాళ్లు దాన్ని శిబిరంలో వదిలి, రిజిస్టరులో సంతకం పెట్టి, ఇంటికెళ్లి భోంచేస్తారు. పొద్దున ఎక్కేవాళ్లు టిఫిను చేసి వచ్చి చార్జి తీసుకుంటారు. ఇన్నాళ్లలో ఒక్క సంతకం తప్పలేదు. ఆ రోజు వంతు వచ్చిన సీనియర్ అసిస్టెంటు మాత్రం కలం మూసేశాడు.

"సరుకు లేకుండా చార్జి తీసుకుంటే రేపు ఆడిట్‌లో నా మెడకు చుట్టుకుంటుంది గురూ" అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి యాజమాన్యంతో చర్చలు. తొలగించిన పదకొండు మంది కాంట్రాక్టు స్వీపర్లను మళ్లీ తీసుకుంటారా లేదా అన్నది అక్కడే తేలాలి. పన్నెండింటికల్లా ఎండీ కార్యాలయం నుంచి మెమో వచ్చింది. ఆకలి లేని దీక్షను గుర్తించబోమనీ, నాలుగింటిలోగా ఆకలిని హాజరుపరచకపోతే చర్చలు రద్దనీ, ఆ పదకొండు మంది తొలగింపు ఖాయమనీ అందులో ఉంది.

ఇది యాజమాన్యం పనేనని యూనియన్ కార్యదర్శి ఉమాపతి ఆరోపించాడు. విజిలెన్స్ అధికారి అప్పలస్వామి ఎండీ గదంతా సోదా చేసి, అక్కడ ఆకలి ఆనవాళ్లు ఏ కాలంలోనూ లేవని పంచనామా రాశాడు. తర్వాత ఉమాపతి పొట్టనూ తడిమి చూశాడు. అక్కడా అదే రాశాడు.

వేరే ఆకలి దొరుకుతుందేమోనని యూనియన్ అన్ని సెక్షన్లకూ సర్క్యులర్ పంపింది. అప్పటికి భోజనాలైపోయాయి. బిల్లింగ్ సెక్షన్ గుమాస్తా ఒకడు తన గ్యాస్ నొప్పి ఇస్తానని ముందుకొచ్చాడు గానీ, డాక్టరు సర్టిఫికెట్ ఉన్నా అది చెల్లదని ఎండీ కార్యాలయం తిప్పి పంపింది.

మూడున్నరకు అప్పలస్వామి కంటికి శిబిరం వెనక కుళాయి దగ్గర, కడిగి బోర్లించిన స్టీలు క్యారియరు పడింది. మూత మీద పైడమ్మ అని గీసి ఉంది. తొలగించిన పదకొండు మందిలో ఆమె ఒకతె. తమ కోసం దీక్ష చేస్తున్నారన్న కృతజ్ఞతతో రోజూ శిబిరం ఊడ్చి వెళుతుంది.

ఆమెను సమావేశ మందిరానికి పిలిపించారు. నలభై మూడు రోజుల్లో తొలిసారి యూనియనూ యాజమాన్యమూ బల్లకు ఒకే వైపు కూర్చున్నాయి. వాంగ్మూలం కింద ఇద్దరి సంతకాలకూ ముందే చోటు వదిలారు.

"అమ్మా, ఇదంతా నీ ఉద్యోగం కోసమే కదా. తెలుసా?" అని ఉమాపతి అడిగాడు.

"తెలుసు బాబూ."

"మరి ఎవరు తీశారు?"

"ఎవులూ తియ్యలేదు బాబూ. నానే అన్నం పెట్టీసినాను" అంది పైడమ్మ. "పొద్దున్న ఊడుస్తంటే మూల కూకోని నా కేరేజీ కేసి సూస్తంది. ఇన్నాళ్లూ మీరంతా వంతులేసుకోని దాన్ని కాసినారు గానీ, ఒక్కలూ ముద్ద పెట్టలేదు. చారన్నం కలిపి పెట్టినాను. తినీసి ఎల్లిపోనాది. ఉద్దోగం పోతాదని తెలుసు. మా ఇంట్లో ఆకలికైతే పెట్టకపోదును బాబూ, దానికి అలవాటే. ఇది గవర్నమెంటోళ్లది గదా, ఓర్సుకోలేకపోనాది."