ఇద్వాల్ చేతికెక్కిన ఓల్వెన్

ఆ మంగళవారం పొద్దున ఇద్వాల్ అనుకున్న పనులు మూడే. పదింటికి రేవు దగ్గర చేపల వేపుళ్ల దుకాణం తనిఖీ, పదకొండింటికి ఒక బేకరీ, ఒంటిగంటకి అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజు భోజనం. కౌన్సిల్ ఆరోగ్య విభాగంలో ఇరవై రెండేళ్లు నలిగిన మనిషి. ఎలుకలు, బూజు, పురుగులు పట్టిన మాంసం, ఏం చూసినా చలించేవాడు కాదు. సూది చూస్తే మాత్రం పై ప్రాణాలు పైనే పోయేవి. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. పచ్చబొట్లు పొడిచే దుకాణాలు, చెవులూ ముక్కులూ కుట్టే దుకాణాలు ఏదో ఒక సాకుతో సహోద్యోగిని కెరిస్ మీదకి నెట్టేస్తూ బండి లాక్కొస్తున్నాడు.

ఆ రోజు కెరిస్‌కి జ్వరం వచ్చింది. వేల్స్‌లో కొత్త చట్టం వచ్చాక లైసెన్సు లేకుండా పచ్చబొట్టు పొడవకూడదు. డిల్లిస్ అనే ఆవిడ దుకాణానికి ఆ సాయంత్రమే ఆఖరి గడువు.

"నువ్వే వెళ్లాలి ఇద్వాల్. ఆవిడ దుకాణం మూతపడితే రేపు పేపర్లో మన ముఖాలే ఉంటాయి" అన్నాడు పై అధికారి.

డిల్లిస్‌కి అరవై దాటాయి. రెండు మణికట్ల నుంచి భుజాల దాకా గులాబీ తీగలే. ముప్పై ఏళ్లుగా ఊళ్లో సగం మందిని పొడిచిన చెయ్యి అది. లైసెన్సు రాకపోతే ఈ వయసులో ఇంకో పని నేర్చుకునే ఓపిక లేక, మూడు రోజులుగా గోడలు కడుగుతూనే ఉంది.

ఇద్వాల్ సూదుల గదిలోకి వెళ్లకుండా ముందు గదిలోనే గంటసేపు కాలక్షేపం చేశాడు. వేడినీళ్లు మూడుసార్లు కొలిచాడు. సబ్బు సీసా మీది అక్షరాలన్నీ చదివాడు.

"ఈ సీసా కుళాయికి కుడివైపునే ఎందుకుంది?"

"నాది కుడిచేతి వాటం గనక."

ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. తనిఖీ కాగితంలో చివరి గడి మిగిలింది: 'పని విధానం కళ్లారా చూడవలెను.'

"పచ్చబొట్టుకి పదకొండింటికి రావలసిన గ్విన్ పడవేసుకుని సముద్రం మీదకి పోయాడు. ఎవరి మీద చూపించమంటారు? నా చెయ్యి చూశారుగా, ఖాళీ లేదు" అంది డిల్లిస్. తర్వాత ఆయన తెల్లటి చేతిని ఆశగా చూసింది. "సూది తగలనివ్వనులెండి. దగ్గరిదాకా తెచ్చి ఆపేస్తాను."

కాదంటే గుట్టు రట్టవుతుంది. ఇద్వాల్ చొక్కా చెయ్యి మడిచాడు. ఆవిడ తొడుగులు వేసుకుని, చర్మం శుభ్రం చేసి, గ్విన్ కోసం సిద్ధం చేసిన అచ్చు కాగితాన్ని ఆయన చేతికి అద్ది తీసింది. ఊదా రంగులో లంగరు, దాని కింద గ్విన్ పడవ పేరు అచ్చుపడ్డాయి. ఆపైన కొత్త సూది పొట్లం చించి, "ఇదిగో, చూడండి" అంది.

ఇద్వాల్ చూశాడు. చూసి, మొదలు నరికిన అరటిచెట్టులా కూలిపోయాడు.

డిల్లిస్ ఆయన కాళ్లు కుర్చీ మీదకెత్తి, కాలర్ వదులు చేసి, అంబులెన్సుకి ఫోన్ చేసింది. అంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది. ఆయన భార్య రియాన్.

"కంగారు పడకమ్మా. మీ ఆయన నా దగ్గర పడుకుని ఉన్నారు."

"ఎవరు నువ్వు?"

"పచ్చబొట్ల డిల్లిస్‌ని. చొక్కా గుండీలు విప్పాను. ఒళ్లంతా ఒకటే చెమటలు, పాపం."

"అక్కడే ఉండు. వస్తున్నా."

పది నిమిషాల్లో రియాన్ గాలివానలా వచ్చి పడింది. భోజనానికి బయల్దేరిన కారే కాబట్టి వెనకాల కొత్త టోపీతో ఇద్వాల్ అత్తగారు కూడా దిగింది. అంబులెన్సు వాళ్లు అప్పటికే ఇద్వాల్ నాడి చూస్తున్నారు. ఆయన కళ్లు తెరిచేసరికి భార్య కళ్లు తన చేతి మీద ఉన్నాయి.

"ఏమిటండీ ఇది?"

"రియాన్, అది నాది కాదు, ఆ గ్విన్..." అని మొదలుపెట్టాడు. ఈలోగా అత్తగారు వంగి, కళ్లజోడు సర్దుకుని, పైకి చదివింది.

"ఓల్వెన్."

పడవదే కాదు, అది ఆవిడ పేరు కూడా. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఇద్వాల్ ఆ పేరు నోటితో పలికి ఎరగడు. మొదటి రోజు నుంచీ 'మిసెస్ రీస్' తప్ప ఇంకో పిలుపు లేదు. ఆవిడా ఆయన్ని క్రిస్మస్‌కి ఒకసారి, అదీ ఉప్పు అందుకోవలసివస్తేనే పలకరించేది.

"లంగరు కూడానా!" ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. "ఈ ఇంటికి లంగరు నేనేనని నీకైనా తెలుసు, అల్లుడూ. నా పుట్టినరోజుకి నెత్తురు చిందించి పడిపోయావా?"

ఆవిడ ఏడవడం రియాన్ కూడా ఎప్పుడూ చూడలేదు. అక్కడున్నవాళ్లలో ఒక్క చుక్క నెత్తురు చిందలేదని తెలిసినవాళ్లు ఇద్దరే. ఇద్వాల్ డిల్లిస్ వైపు దీనంగా చూశాడు. డిల్లిస్ సబ్బు సీసా వైపు చూసి, నెమ్మదిగా నోరు విప్పింది.

"ఇవాళ అచ్చు మాత్రమేనమ్మా. ఇది నాలుగు రోజుల్లో చెరిగిపోతుంది. వచ్చే మంగళవారం సూదితో పొడిపించుకుంటానన్నారు."

"నేనూ వస్తాను. పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంటాను" అంది ఓల్వెన్.

డిల్లిస్‌కి ఆ సాయంత్రమే లైసెన్సు వచ్చింది. నివేదికలో 'ప్రథమ చికిత్స' గడి ఎదురుగా ఇద్వాల్ 'స్వానుభవంతో చెప్పగలను, అమోఘం' అని రాశాడు.

మంగళవారం వచ్చింది. డిల్లిస్ అంగీకార పత్రం ముందు పెట్టింది. మత్తులో లేరు కదా? లేను. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? లేదు. ఎవరి ఒత్తిడి మీదనైనా పొడిపించుకుంటున్నారా? అవునంటే సూది ముట్టకుండా ఇంటికి పంపేయాలి. ఆ నిబంధన ఇద్వాల్‌కి కంఠతా వచ్చు. కలం ఆ గడి దగ్గరే చాలాసేపు ఆగింది. ఇద్వాల్ ఎడమచేతిని రెండు చేతులతోనూ పట్టుకుని, ఓల్వెన్ ఆయన కేసి మురిపెంగా నవ్వుతోంది.

ఇద్వాల్ 'లేదు' దగ్గర టిక్కు పెట్టాడు. ఆ దుకాణం కాగితాల్లో దొరికిన ఏకైక తప్పుడు సమాచారం, తనిఖీ అధికారి స్వహస్తాలతో రాసిందే.