గుండు టైర్ల ధర్నా

ఆ శుక్రవారం పొద్దున వెంకటప్పయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. అశ్వారావుపేట బస్టాండుకు పోయి కూతురి పేర వచ్చిన పార్సిల్ తెచ్చుకోవాలి. ఎండ ముదరకముందే పామాయిల్ తోటలో గెలలు కోసేవాళ్ళ దగ్గరికి చేరుకోవాలి. ఇందులో కోపానికి చోటెక్కడుందని ఎవరైనా అడగొచ్చు. వెంకటప్పయ్యను ఎరగనివాళ్ళే అడుగుతారు.

ఆయన ఆయిల్‌పామ్ రైతుల సంఘానికి కార్యదర్శి. భుజాన ఎప్పుడూ ఎర్రగళ్ళ తువ్వాలు ఉంటుంది. అది చెమట తుడుచుకోవడానికి కాదు, అన్యాయం కనబడిన చోట పరుచుకుని కూర్చోవడానికి. కరెంటు రాకపోతే సబ్‌స్టేషన్ ముందు పరిచాడు. బస్సు రాకపోతే డిపో ముందు పరిచాడు. ఒకసారి ఎవరి పెళ్ళిలోనో రెండో బంతికి పప్పు అందలేదని వంటపందిరి ముందు కూడా పరిచాడు. పని కాకుండా ఆ తువ్వాలు మడిచిన చరిత్ర లేదు.

కూతురు లిఖిత పశువుల డాక్టరు. భద్రాచలం అవతల అడవి ఊళ్ళలో తిరుగుతూ వానలు మొదలు కాకముందే గేదెలకు గొంతువాపు టీకాలు వేస్తుంటుంది. ఆ పిల్లకున్న సరదా ఒకటే, కారు పందెం. హైదరాబాదు అవతల ఒక క్లబ్బువాళ్ళు ఏడాదికోసారి రేసు ట్రాకు మీద మామూలు జనాన్ని సొంత బండ్లు నడుపుకోనిస్తారు. ఒక్కో బండినీ విడిగా వదులుతారు. అన్ని చుట్లూ ఎవరు త్వరగా తిరిగొస్తే వాళ్ళు గెలిచినట్టు. నిరుడు లిఖిత అందరికంటే చివరన వచ్చింది. "డాక్టరమ్మ ఎడ్లబండి వచ్చేసిందండోయ్" అని మైకులో ఎవడో అన్నాడు. ఎంత మాట! ఆ మాట పిల్లకు ముల్లులా దిగి, ఏడాది పాటు సలుపుతూనే ఉంది.

ఈసారి మొదటి ముగ్గురికి క్లబ్బు జట్టులో చోటిస్తామన్నారు. లోపం బండిలో లేదు, టైర్లలో ఉందని లిఖిత కనిపెట్టింది. వాటి గురించి దొరికిందల్లా చదివింది, కనబడ్డవాళ్ళనల్లా అడిగింది. చివరికి సత్తుపల్లిలో మహబూబ్ అలీ టైర్ల దుకాణంలో ఆయన కొడుకు అజారుద్దీన్‌కు చెప్పి చెన్నై నుంచి నాలుగు రేసు టైర్లు తెప్పించుకుంది. అజారుద్దీన్ వాటిని బస్సుకెక్కించి, విజయవాడలో ఏదో పెళ్ళికి వెళ్ళిపోయాడు.

"పార్సిల్ తెచ్చి వసారాల పెట్టు నాన్నా. విప్పకు" అని లిఖిత ముందురోజే ఫోన్లో చెప్పి, సిగ్నల్ అందని అడవిలోకి పోయింది.

వెంకటప్పయ్య పార్సిల్ తెచ్చాడు. వసారాలో పెట్టాడు. విప్పాడు.

"ఏమండీ, విప్పొద్దన్నది కదా" అంది భార్య సీతారావమ్మ.

"నేను విప్పలే. దారం వదులైంది" అంటూ ఆయన టైరు మీద అరచేయి వేశాడు. వేసిన చేయి జర్రున జారింది. ఒక గీత లేదు, ఒక గాడి లేదు. ట్రాక్టరు టైరుకు జానెడేసి పళ్ళుండాలని నమ్మిన మనిషి ఆయన.

"సీతారావమ్మా! గడ్డం గీసుకున్నా నా చెంప ఇంత నున్నగ ఉండది. నా బిడ్డకు అరిగిపోయిన గుండు టైర్లు అంటగట్టిన్రు. వీటి మీద పందెంల ఉరికితే పిల్ల బతికి బట్టకడ్తదా?"

మూడుసార్లు ఫోను చేశాడు. అడవి పలకలేదు. కోతకు తోటలోకి చేరిన సంఘం మనుషులు ఆ కబురు విని, గెలలు ఎక్కడివక్కడ వదిలేసి ట్రాలీ ఎక్కారు. బొజ్జయ్య అనే ఆయన కుడిభుజం మైకు కూడా పట్టుకొచ్చాడు. మైకు ఎందుకని ఎవరూ అడగలేదు. వెంకటప్పయ్యతో ఊరు దాటితే మైకు చెప్పుల్లాంటిది.

సత్తుపల్లిలో దుకాణం మెట్ల మీద తువ్వాలు పరిచి, పక్కన నాలుగు టైర్లూ పేర్చి, నినాదం ఎత్తుకోబోతుండగా మహబూబ్ అలీ లోపలి నుంచి వచ్చాడు. అరవై దాటిన మనిషి. టైర్లను చూశాడు, వాటి మీద అంటించిన తన దుకాణం కాగితాన్ని చూశాడు. ఆయన ముఖం కందగడ్డ అయింది. అవతలివాడు ఎదురుతిరిగితే ధర్నాకు రుచి ఉంటుంది. ఇక్కడ దుకాణదారు వెంకటప్పయ్య కంటే ఎక్కువ మండిపడ్డాడు.

"నా దుకాణంల గుండు టైరా? మా అబ్బాజాన్ పెట్టిన దుకాణం అప్పయ్యన్నా ఇది! ఇజ్జత్ మట్టిల కలిసింది. ఆ పోరడు ఫోన్ ఎత్తుతలేడు. రానీ, వాని సంగతి చెప్త."

"నువ్వు మంచోనివే అలీభాయ్. మరి నా బిడ్డకు న్యాయం ఏంది?"

"అడుగుతవేందన్నా! జంగల్ రోడ్లల్ల తిరిగే బండ్లకేసే టైర్లున్నయి. ఏలు పెడితే దిగబడేంత గీతలు. నాలుగూ తీస్కపో. పైస వద్దు."

మహబూబ్ అలీ దుకాణంలో ఒక నియమం ఉంది. తిరిగొచ్చిన చెడ్డ టైరు ఇంకొకరి బండికి ఎక్కకూడదు. జనం చూస్తుండగానే పెద్ద కత్తి తెప్పించి, ఆ నాలుగు టైర్లనూ అడ్డంగా కోయించి, అడుగున రేకులు వేయించి, మేకల తొట్లు చేయించాడు. జనం చప్పట్లు కొట్టారు. "నిజాయితీ అంటే ఇదీ" అని మైకులో బొజ్జయ్య మెచ్చుకున్నాడు. తొట్లను కూడా కానుకగా ట్రాలీలో వేశారు.

సాయంత్రం లిఖిత ఇల్లు చేరేసరికి వసారాలో మేకపిల్లలు తొట్లలో నీళ్ళు తాగుతున్నాయి. పశువుల డాక్టరు గనుక మేకల వంకే ముందు చూసింది. తర్వాత తొట్టి అంచు మీద అక్షరాలు చదివింది. చదివి అక్కడే మెట్టు మీద కూలబడింది.

"నాన్నా, ఇవి అరిగిన టైర్లు గావు. రేసు టైర్లు గట్లనే ఉంటయి. గీతల్లేకుంటేనే రబ్బరంతా రోడ్డును పట్టుకుంటది."

"గీతల్లేకుంటే పట్టుకుంటదా? పోయిన పంటకు మొలవని మిర్పవిత్తనాలు అమ్మినోడు గూడ గిట్లనే చెప్పిండు బిడ్డా. 'కొత్త రకం సార్, నిదానంగ మొలుస్తది' అని. చదువుకున్న పిల్లవని నిన్ను ఇంకా తియ్యగ మోసం చేసిన్రు."

లిఖిత అరవలేదు. అరిచినా బాగుండేది.

"నిరుడు నన్ను చూసి నవ్విన్రు. ఈసారి గూడ నవ్వాల్నని కోసి తొట్లు చేయిస్తివి" అని లోపలికి పోయి తలుపేసుకుంది.

అయినా వెంకటప్పయ్యకు తప్పు తనదని తోచలేదు. మోసగాళ్ళు తన బిడ్డను తన మీదికే ఉసిగొల్పారని తోచింది. రాత్రి అన్నం సగంలో చేయి కడుక్కున్నాడు.

పందేనికి పేరు ఇచ్చాక వెనక్కి తగ్గడం లిఖితకూ చేతకాదు. ఎంతైనా ఆయన కూతురే. శనివారం అలీ ఇచ్చిన అడవి టైర్లే బండికి బిగించుకుని, తండ్రితో ఒక్క మాట మాట్లాడకుండా హైదరాబాదు పోయింది. వెనకాలే ఇంకో బండిలో వెంకటప్పయ్య, బొజ్జయ్య, సంఘం మనుషులు కొందరు. తన టైర్ల పనితనం కళ్ళారా చూడాలని మహబూబ్ అలీ ముందు సీటులో కూర్చున్నాడు.

ఆదివారం ట్రాకు దగ్గర లిఖిత బండిని చూసి కుర్రాళ్ళు నవ్వనే నవ్వారు. "మేడం, పొలానికా?" అన్నాడొకడు. ఆమె హెల్మెట్ పెట్టుకుని అద్దం దించేసుకుంది.

ఈలోగా బొజ్జయ్య బండ్ల వరసంతా తిరిగొచ్చి, రొప్పుతూ చెప్పాడు. "అన్నా! ఆ ఎర్రబండికి గుండే. పచ్చబండికి గుండే. అన్నిటికీ గుండే!"

వెంకటప్పయ్య లేచి స్వయంగా చూశాడు. ప్రతి బండికీ నున్నటి టైర్లే. తన కూతురొక్కతే అనుకున్నాడు, ఇక్కడ రాష్ట్రం రాష్ట్రమే మోసపోయి ఉంది! ఇంతమంది తల్లిదండ్రుల పిల్లలు చావు మీద ఎక్కి ఊరేగబోతుంటే కళ్ళప్పగించి చూడడానికి ఆయన మనసేమన్నా రాయా? నేరుగా పందెం మొదలయ్యే గీత దగ్గరికి నడిచాడు. తువ్వాలు పరిచాడు. సంఘం కూర్చుంది. మహబూబ్ అలీ మోకాళ్ళ నొప్పులతోనే కూర్చున్నాడు.

"గుండు టైర్లు... నశించాలి!"

క్లబ్బు కార్యదర్శి ఉదయ్ భాస్కర్ పరుగున వచ్చాడు. మర్యాదస్తుడు. వివరంగా చెబితే అర్థమవుతుందని నమ్మేవాడు. అదే అతని పొరపాటు.

"అంకుల్, ఇవి ఇట్లనే ఉండాలి. వేడెక్కితే జిగురులాగ పట్టుకుంటయి."

"అంటే చల్లగుంటే పట్టవు. ఇన్నవా అలీభాయ్, వాళ్ళే ఒప్పుకుంటున్నరు. ఎన్నేండ్లు వస్తయి బాబూ ఇవి?"

"ఏండ్లా? ఒక రేసు. మహా అయితే రెండు."

సంఘం అంతా హాహాకారం చేసింది.

"మేమే ఇష్టపడి కొనుక్కున్నం అంకుల్, మీకేంది?" అన్నాడు ఎర్రబండి కుర్రాడు చిరాగ్గా.

"మోసపోయినోడు మొదట అనే మాట అదే నాయనా" అన్నాడు వెంకటప్పయ్య జాలిగా.

అలా ఒక గంట గడిచింది. లిఖిత హెల్మెట్ అద్దం పైకెత్తలేదు. భూమి చీలితే బండితో సహా దిగిపోదామని ఆమెకు ఉంది. మైకు కోసం తగువు, పోలీసులను పిలవాలా వద్దా అన్న తగువు, ఎవరి తండ్రి ఆయన అన్న వాకబు. ఇంత గొడవలో పడమట మబ్బు పట్టింది ఎవరూ చూడలేదు. నడి మే నెలలో గాలిదుమారం లేచి, చటచటా చినుకులు పడి, కుండపోత మొదలైంది.

కుర్రాళ్ళు గొడుగుల కిందికి ఉరికారు. ధర్నా కదల్లేదు. వానకు లేచే రైతులు రైతులేనా? చివరికి ఉదయ్ భాస్కర్ నెత్తిన ప్లాస్టిక్ కవరు పెట్టుకుని వచ్చి, టైర్ల విషయం తప్పక విచారిస్తామని మైకులో మాటిచ్చి, అందరికీ తలా ఒక నిమ్మసోడా ఇప్పించాకే వెంకటప్పయ్య తువ్వాలు తీశాడు.

పందెం మొదలైంది. ఎండాకాలం కదా అని ఎవరూ వానకు పనికొచ్చే టైర్లు తేలేదు. ఎర్రబండి మొదటి మలుపులోనే బొంగరంలా తిరిగి గడ్డిలో ఆగింది. పచ్చబండి అసలు గీత దాటడానికే జారుతూ తంటాలు పడింది. ఇంకో ఇద్దరు సగంలో దిగి బండ్లు తోసుకొచ్చారు. మిగిలినవాళ్ళు పేర్లు వెనక్కి తీసుకున్నారు.

లిఖిత వంతు వచ్చింది. నిరుటి వానల్లో పెట్టెనిండా టీకా సీసాలు వేసుకుని, ఒక్కటీ పగలకుండా అడవి మట్టిదారుల్లో తిరిగిన మనిషికి తడి రోడ్డు కొత్తా? అలీ టైర్లు నీళ్ళను రెండువైపులా చిమ్ముకుంటూ పోయాయి. చుట్లన్నీ పూర్తిచేసింది ఆమె ఒక్కతే. రెండోవాళ్ళు లేరు, మూడోవాళ్ళు లేరు. మైకులో ఎడ్లబండి మాట ఎత్తినవాడు లేడు.

మహబూబ్ అలీ కళ్ళు తుడుచుకుని "దుకాణం ఇజ్జత్ నిలబడ్డది" అన్నాడు. లిఖిత బండి దిగి, హెల్మెట్ తీసి, నీళ్ళోడుతున్న తండ్రి ఎదుట నిలబడింది. తిట్టాలో దణ్ణం పెట్టాలో ఆమెకు తెలియలేదు.

"నువ్వు గంట సేపు కూసోకపోతే ఎండలనే అయిపోతుండె నాన్నా పందెం. నేను మళ్ళ చివర్న వచ్చేదాన్ని."

"నేను చెప్పలేదా బిడ్డా" అన్నాడాయన. రెండు రోజుల తర్వాత కూతురు మాట్లాడిందన్న సంతోషంలో వచ్చిన మాట అది.

వాన తగ్గాక బహుమతులు. లిఖితకు క్లబ్బు జట్టులో చోటు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు, ఎర్రబండి కుర్రాడు కూడా. తర్వాత ఉదయ్ భాస్కర్ నవ్వు ముఖంతో మొదటి బహుమతి మీది గుడ్డ తొలగించాడు. నాలుగు కొత్త రేసు టైర్లు, నున్నగా, నల్లగా మెరుస్తున్నాయి.

వెంకటప్పయ్య తడి తువ్వాలు పిండుకుని, వేదిక ముందు మళ్ళీ పరిచాడు.