వంపుగొట్టంలో తేలిన వయసు

ఉదయం ఏడింటికి శిలాజాల పరిశోధకురాలి పథకం చాలా సులువైనది. స్నానం చేయాలి, ఆరడానికి వంటింటి గట్టుమీద పెట్టిన బూడిద సంచి తీసుకోవాలి, పదకొండింటికల్లా ప్రయోగశాలలో ఇచ్చి దాని వయసు లెక్క కట్టించాలి. మామూలు బూడిద కాదది. ఏనాడో పేలిన అగ్నిపర్వతం నుంచి రాలి, ఒక కొండవాలులో పొరగా పరుచుకున్నది. ఆ పొర కిందే ఆరేళ్ళ తవ్వకంలో ఆమెకు మొసళ్ళు, తాబేళ్ళు, కుక్కపిల్లంతేసి గుర్రాలు, ఆవగింజంత పళ్ళున్న బుల్లి క్షీరదాలు దొరికాయి. బూడిద వయసు తేలితే వాటి కాలం తేలుతుంది. ఏ క్షీరదం ముందు పుట్టింది, ఏది తర్వాత అన్న పాత వాదన తెగుతుంది. ఆ కొండవాలేమో మొన్నటి వానలకు విరిగిపడింది. ఇంకో పిడికెడు కావాలన్నా దొరకదు.

ఇదంతా భర్త తన తల్లికి ఒక్క ముక్కలో చెప్పాడు: ఆ సంచిలోది చాలా పాతది, జాగ్రత్త అని. కోడలు స్నానం ముగించేలోగా అత్తగారు మాడిన గిన్నెలన్నీ దానితో తోమేశారు.

"పాతదన్నావు కదరా. పూర్తిగా పాడైపోకముందే వాడేశాను," అన్నారావిడ, తళతళలాడే మూకుడు చూపిస్తూ.

భర్త ఖాళీ సంచి దులిపి చూశాడు. అప్పుడే స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. నిజం సాయంత్రం నిదానంగా చెప్పుకోవచ్చులెమ్మని, పక్కవాటాలో గోడకు మాసికలు వేస్తున్న మేస్త్రీ దగ్గర చిటికెలో గట్టిపడే సిమెంటు తెచ్చి సంచి నింపేశాడు. ఆమె దాన్ని పసిబిడ్డలా గుండెలకు హత్తుకుని బయల్దేరింది.

ప్రయోగశాల పెద్దాయన పొడిని గిన్నెలో పోసి, నీళ్ళు కలిపి, ఫోను మాట్లాడి వచ్చాడు. గరిటె తీయబోతే గిన్నె కూడా లేచి వచ్చింది. ఆయన దాన్ని అలాగే ఎత్తి ఆమెకు చూపించాడు.

"అమ్మా, మీ అగ్నిపర్వతం ఏ కంపెనీది?"

ఆమె ఇంటికి ఫోను చేసింది. భర్త ఒక్క ఊపిరిలో అంతా ఒప్పేసుకున్నాడు. ఈలోగా అక్కడ సింకు మూసుకుపోయి నీళ్ళు పొంగాయట, ప్లంబరు వచ్చి కింది వంపుగొట్టం విప్పి, అందులోని బురద బకెట్లోకి దులిపాడట, ఇప్పుడు పారబోయబోతున్నాడట. ఒక్క చుక్క కూడా పోనివ్వొద్దని ఆమె గట్టిగా చెప్పింది. ఆ మాట ప్లంబరు చెవిన పడేసరికి వజ్రాలైంది. మెట్లు దిగేసరికి వజ్రాల హారమైంది. అరగంటలో వాటాలవాళ్ళంతా చేరి, తమ ఉంగరాలు ఏ ఏడు పోయాయో గుర్తు చేసుకోసాగారు. తనమీద నింద పడకుండా ప్లంబరు బకెట్‌కు మూతపెట్టి దానిమీదే కూర్చున్నాడు.

పెద్దాయనను వెంటబెట్టుకుని ఆమె వచ్చేసరికి అత్తగారు వంటింటి మూల ముడుచుకుని ఉన్నారు.

"నీ ఆరేళ్ళ కష్టం ఒక్కపూటలో కడిగేశాను తల్లీ," అన్నారు. ఆమె కోపంగానే వచ్చింది కానీ, ఆ ముఖం చూశాక ఆవిడకు చెయ్యందించి లేపింది.

ప్లంబరును లేపడానికి పావుగంట పట్టింది. పెద్దాయన చిటికెడు బురద తీసి భూతద్దం కింద పెట్టాడు. మెతుకుల మధ్య, సబ్బు నురగ కింద, సూదిమొనల్లాంటి స్ఫటికాలు మెరిశాయి. వయసు చెప్పేవి అవే. మెత్తని మన్ను కొట్టుకుపోయి బరువైన స్ఫటికాలు అడుగున మిగిలేలా కడగడానికి తమకు పది రోజులు పడుతుందన్నాడు. వాటిని ఒక్కొక్కటిగా ఏరి లెక్క కడతారు గనుక మెతుకులతో బెంగ లేదని కూడా చెప్పాడు.

"ఎవరు కడిగారు దీన్ని?"

"తప్పయిపోయింది బాబూ," అన్నారు అత్తగారు.

"తప్పేమిటమ్మా. మా దగ్గర కడగాల్సినవి ఇంకో పన్నెండు సంచులున్నాయి."

రెండు నెలలకు లెక్క తేలింది: నాలుగు కోట్ల ఎనభై లక్షల ఏళ్ళు. ఆ బుల్లి క్షీరదాలు అందరూ అనుకున్నదానికంటే ముప్ఫై లక్షల ఏళ్ళు ముందే భూమ్మీద తిరిగాయి. పరిశోధన వ్యాసం చివర కృతజ్ఞతల్లో అత్తగారి పేరు మొదట, ప్లంబరు పేరు తర్వాత అచ్చయ్యాయి. భర్త పేరు అచ్చుతప్పుగా కూడా పడలేదు.