మూత్రపిండాల ముందస్తు నోటీసు

ఆ జిల్లా ఆస్పత్రి పరిధిలో, కలుపుమందు ఒంట్లోకి పోయినవాళ్ల మూత్రపిండాలు పని మానేసే ముందు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలన్న నిబంధన వచ్చి నాలుగేళ్లయింది. అంతకుముందు డాక్టర్లు రోజూ రక్తం తీసి, ఎవరివి ఎప్పుడు చెడతాయో లెక్కగట్టేవారు. పాపం, ఒక్కోసారి తప్పేవారు. ఇప్పుడా బాధ లేదు. తెల్లారేసరికి రోగి దిండు కింద కాగితం ఉంటుంది, నర్సు దాన్ని అంచనాల సెక్షన్‌లో ఇస్తుంది. ఆస్పత్రిలో చేరనివాళ్ల కాగితాలు పోస్టులో నేరుగా సెక్షన్‌కే వస్తాయి.

సోమవారం ఉదయం దుర్గం పోశం దిండు కింద కాగితం దొరికింది. పోశం పత్తిచేలల్లో కూలికి కలుపుమందు కొట్టే మనిషి. పంపు నాజిల్‌లో చెత్త అడ్డుపడితే, ఊళ్లో అందరూ చేసేదే, విప్పి నోట్లో పెట్టుకుని ఊదాడు. ఈసారి కొంచెం గొంతులోకి జారింది. ఉమ్మేసి, నీళ్లు పుక్కిలించి, ఆ చేను ముగించే ఇంటికి వచ్చాడు. మర్నాటికి నోరంతా పుండయింది.

“మంగళవారం సాయంత్రం నాలుగు గంటల నుంచి మేము విధులకు హాజరు కాలేము. ఈలోగా రోగికి డయాలసిస్ ఏర్పాటు చేయగలరని ప్రార్థన. ఇట్లు, పోశం కుడి, ఎడమ మూత్రపిండాలు” అని ఉంది కాగితంలో. చేతిరాత వణికింది. సెక్షన్ సూపరింటెండెంట్ సుగుణాకర్ దాన్ని రెండుసార్లు చదివాడు. మూత్రపిండాలు నోటీసు ఇచ్చి ఊరుకోక సలహా కూడా ఇవ్వడం ఆయనకు నచ్చలేదు.

పోశం భార్య మల్లుబాయి సెక్షన్ కిటికీ దగ్గరికి వచ్చింది.

“సారూ, రేపు సాయంత్రం దాకా టైమున్నది గదా. ఇప్పుడే మిషిను మీద పండవెట్టుండ్రి.”

“అట్లెట్లయితదమ్మా? మిషినున్నది కిడ్నీలు చెడిపోయినోళ్లకు. మీ ఆయనయి ఇంకా పనిజేస్తున్నయి. ఇప్పుడే ఎక్కిస్తే, రేపు నాలుగింటికి ఆగకుంటే? నోటీసు అబద్ధమైతది.”

సుగుణాకర్ చెడ్డవాడు కాడు. భయస్తుడు. నాలుగేళ్లలో ఒక్క నోటీసు తప్పలేదు. ఒక్కటి తప్పినా సెక్షన్ ఎత్తేస్తారని ఆయనకు నిద్రపట్టేది కాదు.

మల్లుబాయి వార్డుకు వెళ్లి, మొగుడి నడుము మీద చెయ్యి పెట్టి, “ఇంకో నాలుగు దినాలు పనిజెయ్యుండ్రి, మీ కాళ్లు మొక్కుత” అని బతిమాలింది. మధ్యాహ్నానికి రెండో కాగితం వచ్చింది. “అమ్మా, చాలా ప్రయత్నిస్తున్నాం. మా వల్ల కావడం లేదు.” సుగుణాకర్ దాన్ని కూడా ఫైల్లో పెట్టాడు.

మంగళవారం మూడున్నరకే ఆయన గడియారం చూసుకుంటూ మంచం పక్కన నిలబడ్డాడు. పోశం ఆయన్ని చూసి, లేవబోయి, లేవలేక దండం పెట్టాడు. మల్లుబాయి కళ్లు మూత్రం సంచీ మీదే ఉన్నాయి. ఒక్కో చుక్కా పడుతుంటే ఆమె పెదవులు కదిలాయి. సరిగ్గా నాలుగింటికి చుక్క ఆగింది. సుగుణాకర్ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, ‘నిర్ధారణ అయినది’ అని రాసి సంతకం చేశాడు. అప్పుడే డయాలసిస్ దరఖాస్తు కూడా తీసుకున్నారు. మిషన్ వంతు గురువారం వచ్చింది. పోశం బుధవారం సాయంత్రం పోయాడు.

మల్లుబాయి ఏడ్చి ఏడ్చి, మరణ ధ్రువపత్రం కోసం కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కటే అడిగింది.

“ముందుగాల్నే ఎరుకైనంక ఎందుకు ఆపలేదు సారూ?”

“మాది అంచనాల సెక్షనమ్మా. ఆపే సెక్షన్ ఈ బిల్డింగుల లేదు.”

“మరి ఏ బిల్డింగుల ఉన్నది?”

ఆయన నిజంగానే ఆలోచించాడు. “ఇంకా మంజూరు కాలేదు” అన్నాడు.

ఆ నెలలో, నాలుగేళ్లుగా ఒక్క అంచనా కూడా తప్పనందుకు సెక్షన్‌కు ప్రశంసాపత్రం వచ్చింది.

దినకర్మ అయిన వారానికి మల్లుబాయి మళ్లీ వచ్చింది.

“నా పేరు మీద పోస్టుల ఏమన్న కాయితం వచ్చిందా సారూ?”

సుగుణాకర్ కట్ట విప్పి, ఒక్కో కవరూ తిప్పి చూశాడు. “రాలేదమ్మా. నీయి మంచిగనే ఉన్నయి.”

ఆమె ముఖం తేటపడింది. “అయితే రేపటి సంది పోత. ఆయన ఒప్పుకున్న ఇంకో చేను మూడెకరాలు మిగిలింది. మందు నేనే కొడ్త.”

“మంచిదమ్మా” అన్నాడాయన.

ఆమె పక్కకు తప్పుకుంది. వరుసలో వెనకున్నాయన వీపు మీది పంపు సర్దుకుని, ముందుకొచ్చి, తన పేరు చెప్పాడు.